కంచె దగ్గరి తులసి

"మెల్లగా మాట్లాడు. అమ్మకి వినపడుతుంది."

"వినపడనివ్వండి. ఎన్నాళ్ళు దాస్తారు? ఆ మొక్క పీకి పారేయమని రెండేళ్ళ నుంచీ మొత్తుకుంటున్నాను. మీ చొక్కాలు ఉతికేది నేను. తలనొప్పి మందు డబ్బాలో ముంచి తీసినట్టు ఉంటున్నాయని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"చెబితే మీరేమన్నారు?"

సీసాలు సర్దుతున్న చప్పుడు.

"గుర్తు లేదా? నేను చెప్పనా? 'సబ్బు మార్చు' అన్నారు. మార్చాను. మూడు రకాలు మార్చాను. ఇప్పుడేమంటారు, పెళ్ళాన్ని మార్చమంటారా?"

"అది అమ్మ పెట్టుకున్న మొక్క. ఏమని పీకను?"

"తోటని నాశనం చేసిందని పీకండి."

"ఆ మాట వెళ్ళి ఆవిడతో అనమంటావా?"

లోపల ఏదో రేకు డబ్బాని కాలితో తన్నిన చప్పుడైంది. అక్క తన్నిందో, బావ తన్నాడో బయట నిలబడ్డ తమ్ముడికి తెలియలేదు. ఇద్దరిలో ఎవరైనా తన్నగలరు.

అతను షెడ్డు వెనక రేకు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముందు గేటు వైపు నుంచి రావాల్సినవాడు, కావాలనే వెనకదారిన వచ్చాడు. ముందునుంచి వస్తే అరుగు మీద కూర్చుని ఉండే అత్తయ్య, అంటే అక్క అత్తగారు, పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. కూర్చోబెట్టుకుంటే ఎందుకొచ్చావని అడుగుతుంది. ఎందుకొచ్చాడో చెప్పగలిగితే వెనకదారి ఎందుకు?

గొంతు సవరించుకున్నాడు.

"ఎవరది?" లోపలినుంచి బావ అరుపు.

"నేనే బావా."

"దొంగలా వెనకనించి వస్తావేంరా బామ్మర్దీ! రా, రా. మీ అక్క నన్ను వేయించుకు తింటోంది, నువ్వొచ్చి కాస్త ఉప్పు చల్లు."

"ఉప్పు కాదు, కారమే తెచ్చాను," అన్నాడతను లోపలికొస్తూ. నవ్వుతాడనుకున్నాడు. బావ నవ్వలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, "ఏమన్నాయి నీ కొండలు?" అని అడిగాడు.

కొండల సంగతి ముందు చెప్పాలి. బావమరిది పనిచేసేది ఒక నూనెల కొట్టులో. వంటనూనెలు కావు. పువ్వుల నుంచీ ఆకుల నుంచీ తీసే సువాసన నూనెలు. సబ్బులు చేసేవాళ్ళూ అగరుబత్తీలు చుట్టేవాళ్ళూ అక్కడికొచ్చి కొనుక్కుంటారు. కొట్టు వెనక గదిలో ఒక మిషన్ ఉంది. సూదితో బొట్టు నూనె దాంట్లోకి ఎక్కిస్తే, చాలాసేపు తనలో తాను గుర్రుమని, ఆ నూనెలో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద గీతగా గీస్తుంది. ఒక్కో సరుక్కి ఒక్కో కొండ. ఎక్కువుంటే పెద్ద కొండ, తక్కువుంటే గుట్ట. కల్తీ చేసినవాడు ఎంత తియ్యగా మాట్లాడినా అక్కడ దొరికిపోతాడు. ఆ మిషన్ ముందు కూర్చునే ఉద్యోగం బావమరిదిది. బావ దాన్ని ఉద్యోగమని ఎప్పుడూ ఒప్పుకోలేదు. "మావాడు కూర్చుని కొండలు లెక్కపెడతాడు, నెలయ్యేసరికి జీతమిస్తారు" అని పదిమందిలో పరిచయం చేసేవాడు.

అక్క ఫోన్ చేసి మొత్తుకుంటే, పోయిన వారం అతను వచ్చి, తోటలో పక్కపక్కనే ఉన్న మూడు మొక్కల కొమ్మలు కోసుకుపోయాడు. కొట్టులో గాజు కుప్పెలో ఉడికించి, వేటికవే నూనె తీసి, మిషన్‌కి ఎక్కించాడు. ఆ మూడు కాగితాలూ ఇప్పుడు అతని జేబులో ఉన్నాయి.

"మొదటిదాంట్లో మన తీపి వాసన కొండ ఉంది, లినలూల్ అంటామే, అది. సగానికి దిగిపోయింది. దాని పక్కనే కర్పూరం లేచింది. రెండోదాంట్లో లవంగం వాసనది. మూడోదాంట్లో తీపే లేదు బావా. అంతా సోంపు."

"మిషన్ పాడయ్యుంటుంది."

"బాగానే ఉంది."

"అయితే నీ చెయ్యి పాడయ్యుంటుంది."

"నా చెయ్యి సంగతి తర్వాత. నువ్వే వెళ్ళి ఆకు నలిపి చూడు."

బావ లేవలేదు. నలిపి చూసేశాడని ఆ లేవకపోవడంలోనే తెలిసిపోయింది.

బావకి పేరుంది గానీ చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఆవిరాయన అంటారు. తులసి ఆకు మీద ఆవిరి పోనిచ్చి నూనె దించడం అతని పని. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. మధ్యలో కొన్నేళ్ళు తండ్రితో పడక వెల్డింగు షాపులో చేరాడు. తండ్రి మంచాన పడ్డాక తిరిగొచ్చి, నేర్చుకున్న వెల్డింగుతో తనే స్టీలు పీపా అతికించి, రాగి గొట్టం చుట్టలు చుట్టి, నీళ్ళ తొట్టిలో దించి బట్టీ కట్టాడు. కట్టిన కొత్తలో అందరూ అతను సారా కాస్తున్నాడనే అనుకున్నారు. ఒకడు ఖాళీ సీసాతో వచ్చి గుట్టుగా "అర సీసా పొయ్యి అన్నా" అన్నాడు. ఆవిరాయన ఏమీ ఎరగనట్టు నూనె విడిపోయాక మిగిలే ఆకు నీళ్ళు పోసిచ్చాడు. మర్నాడు వాడే వచ్చాడు, చేతిలో అదే సీసా. "కిక్కు లేదన్నా, కానీ త్రేన్పులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఇంకాస్త పొయ్యి" అన్నాట్ట. ఈ కథ బావ చెబితే వందసార్లు విన్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. కనుబొమలు రెండూ మంటకి మాడి సగమే ఉండేవి. ఆ సగం కనుబొమల్ని ఎగరేసి చెప్పేవాడు.

అతని తోటలో ఉన్నది ఒకటే రకం తులసి. తండ్రి ఎక్కడినుంచో తెచ్చి, ఏళ్ళ తరబడి ఏరి ఏరి నిలబెట్టిన రకం. దాని నూనె మూత తీస్తే ముందు తీపి తగిలేది, తర్వాత పచ్చి ఆకు, ఆ తర్వాత ఎక్కడో అడుగున చిన్న మిరియపు చురుకు. కొట్టుకొచ్చే నూనెలన్నింట్లో మిషన్ ఎక్కకుండా తిన్నగా పెద్ద డబ్బాలోకి పోయేది ఆవిరాయన నూనె ఒక్కటే. మిగతావాళ్ళ తులసి నూనెలు సరిగా ఉన్నాయా లేదా అని చూడడానికి దీన్నే ఒక సీసాలో పోసి పక్కన పెట్టుకునేవారు. అక్క అతన్ని చేసుకున్నది మొహం చూసి కాదు, చొక్కా వాసన చూసి అని ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తారు. అక్క కాదనదు. "మొహం చూసుంటే చేసుకునేదాన్నా?" అంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఏటా మొదటి కోత ఆకు బట్టీలో వేశాక, గొట్టం చివరినుంచి దిగిన మొదటి నూనె చుక్క అమ్మేది కాదు, సీసాలో పోసేది కాదు. అత్తయ్య మణికట్టు మీద రాసేది. మామయ్య, అంటే బావ తండ్రి, ఉన్నప్పుడు మొదలైన పద్ధతి అది. ఆవిరి దగ్గర కూర్చుని కూర్చుని ఆయన ముక్కు మొద్దుబారిపోయింది. తన ముక్కు మీద తనకి నమ్మకం లేక, చుక్క తెచ్చి భార్య చేతి మీద రాసేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పీల్చి "ఇదే" అనేది. అప్పుడు గానీ సీసాలు కడిగేవారు కాదు. ఆయన పోయాక కొడుకు ఆ పని మానలేదు. ఆ ఒక్కరోజూ ఆవిడ పొద్దుపోయేదాకా ఆ చెయ్యి తడి చేసుకునేది కాదు.

పోయినేడు చుక్క రాస్తే ఆవిడ "ఇదే" అనలేదు. ఇంకోసారి పీల్చింది. "కాస్త ఘాటుందేంరా?" అంది. "పీపా కొత్తది కదమ్మా" అన్నాడు కొడుకు. పీపా నిజంగానే కొత్తది. అతను అబద్ధమని అనుకుని చెప్పలేదు. ఆ ఏడు కొట్టులో కూడా ఎవరో వాసన చూసి మొహం చిట్లిస్తే, బావమరిది మొదటిసారి బావ కొత్త నూనెని అనుమానంతో మిషన్‌కి ఎక్కించాడు. పెద్ద కొండ పక్కన చిన్న గుట్ట కనిపించింది. చిన్నదే కదా అని వదిలేశాడు. బంధువు నూనె, అందులోనూ గుట్ట.

ఇప్పుడా గుట్ట పెరిగి కొండయ్యింది. ఎలా పెరిగిందో చూద్దామని ముగ్గురూ తోటలోకి నడిచారు. పూత నిండుగా ఉంది. తేనెటీగల రొద. అక్కడక్కడా కొన్ని మొక్కలకి ఎర్ర గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి.

"అవేంటి?"

"విత్తనానికి ఉంచినవి. వాటిని కొయ్యం, గింజ కట్టనిస్తాం."

ఆ మొక్కలు మిగతావాటికంటే జానెడు ఎత్తున్నాయి. గుబురుగా, దిట్టంగా, ముదురాకుపచ్చగా. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బావమరిది ఒకదాని ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని అక్క చేతికిచ్చాడు. అక్క చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"వీటిని ఎలా ఏరుతావు బావా?"

"ఎలా ఏమిటి? ఏపుగా ఉన్నవాటికి పీలిక కడతాను."

"వాసన చూడవా?"

"తోటంతా ఒకే విత్తనం కదరా. ఇంక చూసేదేముంది? నాన్న చూసేవాడు, ప్రతి మొక్కా నలిపి. నాకు చాదస్తంలా కనిపించేది."

బావమరిదికి మర్యాదగా చెప్పడం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గేటు పక్కన కంచె దగ్గర అత్తయ్య పెట్టుకున్న అడవి తులసి పూతా, ఈ తోట తులసి పూతా ఒకే కాలంలో వస్తాయి. తేనెటీగకి కంచె తెలియదు. దాని పుప్పొడి తెచ్చి దీనికి అంటిస్తుంది. అలా రెండూ కలిసి పుట్టిన మొక్క చాలాసార్లు మామూలు మొక్కకంటే బలంగా లేస్తుంది. ఆకు చూస్తే తేడా తెలియదు, లోపల నూనె వేరు. వాటిలో వాటికి మళ్ళీ కలిస్తే ఒక్కోటీ ఒక్కో వాసన. ఒకటి కర్పూరం, ఒకటి లవంగం, ఒకటి సోంపు.

"ప్రతి ఏడూ నువ్వు కలిసినవాటినే ఏరి దాచుకున్నావు బావా. కలవనివి పీలగా ఉన్నాయని కోసి బట్టీలో వేశావు."

బావ గట్టు మీద కూర్చున్నాడు. మట్టిబెడ్డ ఒకటి చిదిపి, "బలంగా ఉన్నదాన్ని ఉంచక, పీలగా ఉన్నదాన్ని ఉంచుతారా ఎవరైనా?" అన్నాడు.

ఉంచరు.

మిగిలింది ఒకటే దారి, పీలవాటిని వెతకడం. తోటలో ఎక్కడైనా పాత రకం మొక్క ఒక్కటి కలవకుండా మిగిలి ఉంటే చాలు, కొమ్మలు కత్తిరించి నాటుకుంటే మళ్ళీ అదే తోట లేస్తుంది. అక్కది మంచి ముక్కు. ఆవిడ ముందు నడిచింది. ఆకు నలపడం, చూడడం, తల అడ్డంగా ఊపడం. నాలుగైదు మొక్కలు చూసేసరికి ముక్కులో అన్నీ కలిసిపోతాయి. అప్పుడు తన మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని, ఒంటి వాసన పీల్చి, మళ్ళీ మొదలుపెట్టేది. బావ వెనకాలే వంగి వంగి నడుస్తూ, "అది చూడు, అది పీలగా ఉంది, పాపం, అదై ఉంటుంది" అనేవాడు. జన్మంతా ఏపైన మొక్కల్ని మెచ్చుకున్నవాడు ఇప్పుడు పురుగు తిన్నవాటినీ, వంకరపోయినవాటినీ, గొడ్డు తొక్కినవాటినీ బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు.

"ఇదిగో!" అంది అక్క ఒకచోట.

బావ పరుగున వచ్చి పీల్చాడు. మొహం విప్పారింది. "ఇదే! ఇదేరా!" అన్నాడు. అలాంటివి సాయంత్రానికి గుప్పెడు దొరికాయి. వేటికవి పొట్లం కట్టి బావమరిది కొట్టుకి పట్టుకెళ్ళాడు. తర్వాతి రోజులన్నీ పూటపూటకీ బావ ఫోను. "కొండలు లేచాయా?" మొదట నవ్వుతూ అడిగేవాడు. తర్వాత ఉత్తినే అడిగేవాడు. చివరికి ఫోను చేసి ఏమీ అడక్కుండా ఊరుకునేవాడు, ఇటునుంచి ఇతనే చెప్పేవాడు, "ఇదీ కాదు బావా."

ముక్కుకి తెలియనంత కొంచెం కర్పూరం కొన్నింట్లో ఉంది. అసలు కర్పూరమే లేనిదొకటి దొరికింది. దాన్ని చూసి బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు కూడా. తీరా గీత ముందుకి నడిచాక లవంగం లేచింది. కలవనిది ఒక్కటీ లేదు.

పాత గింజలేమైనా ఉన్నాయా అంటే లేవు. కొత్త గింజే మొలుస్తుందని బావ సిద్ధాంతం, మిగిలినవి పిట్టలకి చల్లేసేవాడు. పోనీ ఎవరికైనా ఇచ్చావా అంటే, ఇవ్వలేదు. నా విత్తనం నా గడప దాటదని గొప్పగా చెప్పుకునేవాడు. బడిపంతులు ఒకాయన కుండీలో వేసుకుంటానని చిటికెడు గింజలు అడిగితే, ఆకు కావాలంటే మోపెడు ఇస్తాగానీ గింజ ఇవ్వనన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గింజ తోట దాటింది ఒక్కసారే. కోతకొచ్చే ఒకావిడ కొంగున ముడేసుకుపోతుంటే చూసి నానా మాటలూ అన్నాడు. ముడి విప్పించే ముందే ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ గుర్తుకొచ్చింది ఇప్పుడు. బావా బావమరిదీ ఇద్దరూ స్కూటరేసుకుని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ పోయారు. దారంతా బావ ఆవిడతో ఏమనాలో వల్లెవేసుకున్నాడు. తలుపు తీసి అతన్ని చూడగానే ఆవిడ చీపురు పట్టుకుంది.

"ఇప్పుడొచ్చావా తిట్టడానికి? ఇన్నేళ్ళకా?"

"తిట్టడానిక్కాదమ్మా. ఆ గింజలు… వేశావా?"

"వేశాను. విరిగిపోయిన బకెట్లో వేశాను. మొలిచింది కూడా."

"ఏదీ?" బావ గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఎప్పుడో ఎండిపోయింది బాబూ. నీళ్ళు పోసే ఓపిక నాకెక్కడిది?"

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో బావ వెనక సీటునుంచి, "దొంగతనం కూడా సరిగా చెయ్యడం రాదు మనుషులకి" అన్నాడు. అది జోకో కాదో బావమరిదికి అర్థం కాలేదు. నవ్వాలో వద్దో తెలియక హారన్ కొట్టాడు.

ఇల్లు చేరేసరికి అత్తయ్య అరుగు మీద ఉంది. పక్కనే కంచెకి ఆనుకుని ఆ అడవి తులసి. గాలినంతా కర్పూరంతో నింపేసి, నడుమెత్తు పొదయి కూర్చుంది. ఆవిడకి ఉబ్బసం. మామయ్య చనిపోయిన ఏడాది రోడ్డు పక్క నుంచి మొలక పీకి తెచ్చుకుని తన చేత్తో నాటుకుంది. ఆయాసం వచ్చినప్పుడు మందు పీల్చుకునే గొట్టం ఒక చేత్తో, నలిపిన ఆకు ఒక చేత్తో. ఏది పని చేసేదో డాక్టరుకీ తెలియదు, ఆవిడకీ తెలియదు. మోకాళ్ళు పోయాక తోటలోకి వెళ్ళడం మానేసింది. ఆ అరుగూ ఆ పొదా ఆవిడ లోకం.

బావ షెడ్డులోకెళ్ళి కొడవలి పట్టుకొచ్చాడు. మొహం చూస్తే ఇవాళ తేలిపోతుందనిపించింది. తిన్నగా పొద దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

"ఏంరా పెద్దోడా, కొడవలి పట్టుకుని నిలబడ్డావు?"

"కంచె కింద గడ్డి…"

"గడ్డి అక్కడుంటే నా మొక్కని చూస్తావేం? ఇవాళ దానికి నీళ్ళు పోసి చచ్చారా ఎవరైనా? ఆకు వాడింది చూడు."

బావ కొడవలి అరుగు మీద పెట్టాడు. చెంబు తీసుకెళ్ళి నీళ్ళు తెచ్చాడు. తన తోటని తినేసిన మొక్క మొదట్లో పోశాడు. ఒక చెంబు చాల్లేదని ఆవిడ అంటే ఇంకో చెంబు పోశాడు.

"నువ్వు చెప్పవోయ్," అంది ఆవిడ బావమరిదితో, "మీ కొట్టులో బోలెడు నూనెలుంటాయి గదా. దీనిలాంటిది ఉందా? తోటలోది అందరికీ పోతుంది. ఇది నా ఒక్కదానికి."

"లేదత్తయ్యా. ఇలాంటిది లేదు."

"చుక్క ఎప్పుడురా మరి? పూత ముదిరిపోవట్లా? పోయినేడు కొత్త పీపా వాసన కొట్టింది. ఈసారి పీపా కూడా పాతబడింది, బాగుంటుంది."

బావ ఖాళీ చెంబు వైపు చూస్తూ, "బాగుంటుందమ్మా" అన్నాడు.

ఆ రోజు వంటింట్లో అక్క మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి గొంతు తగ్గించి. "చెప్పేయండి. మణికట్టు మీద రాశాక ఎలాగూ తెలుస్తుంది. ఆవిడ ముక్కుని మీరు మోసం చెయ్యగలరా?"

"చెబితే ఏం చేస్తుందో తెలుసా? తనే లేచెళ్ళి ఆ పొద పీకేస్తుంది. ఆగదు. పీకేసి, రేపటినుంచి ఊపిరాడక ఆ అరుగు మీద కూర్చుంటుంది. ఆ పొద పోయినా తోట తిరిగిరాదు. రెండూ పోతాయి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే… ఒకటే పోతుంది."

"మామయ్య రకాన్ని తన చేత్తోనే చంపిందని ఆవిడకి తెలియకూడదు. అంతేగా మీ బాధ?"

"అంతే."

అక్క గిన్నె తోముతూ తోముతూ ఆపింది. గెలిచినా సంతోషం లేని దెబ్బలాట అది.

బావమరిదికి అప్పుడొక ఆలోచన తట్టింది. కొట్టులో బావ పాత నూనె సీసా ఒకటి ఉంటుంది, పక్కన పెట్టి పోల్చుకునేది. అందులోంచి ఒక్క చుక్క తెచ్చి అత్తయ్య చేతికి రాస్తే? ఈ ఏడు గడిచిపోతుంది. బావకి చెప్పాడు. బావ చిన్నపిల్లాడిలా అతని భుజం పట్టుకుని ఊపేశాడు. "అదీ బామ్మర్దంటే! ఇన్నాళ్ళూ కొండలు లెక్కపెడుతున్నాడన్నానా, నా నోట్లో మన్ను పడ!"

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవగానే సీసా తీసి చూశాడు. అడుగున తడి కూడా లేదు. ఎవరూ దొంగిలించలేదు, ఒలకబొయ్యలేదు. ఆ పీల మొక్కల పొట్లాలు తెచ్చిన ప్రతిసారీ, దాని పక్కన పాతది ఎక్కించి పోల్చాలి గదా. కొండల ధ్యాసలో సీసా అడుగు చూసుకోకుండా, బొట్టు బొట్టుగా తనే ఎక్కించేశాడు. పాత రకం లేదని రుజువు చెయ్యడానికి పాత నూనె మొత్తం మిషన్‌కి తాగించాడు. సీసా తలకిందులు చేసి అరచేతి మీద తట్టాడు. వాసన మాత్రం ఉంది. రాయడానికి ఏమీ లేదు.

ఫోన్లో చెప్పలేకపోయాడు. వెళ్ళి చెప్పాడు. బావ విని, "సరేలే" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది బావమరిదికి.

కోత ఇంక ఆపడానికి లేదు. పూత ముదిరితే ఆకు రాలుతుంది, అరుగు మీదినుంచి ఆవిడ రోజూ అడుగుతోంది. కోసేశారు. ఎర్ర పీలికలు కట్టినవీ, కట్టనివీ, అన్నీ. బావ ఆకుని పీపాలోకి తొక్కి, మూత బిగించి, మంట వెలిగించాడు. ఎన్నో ఏళ్ళుగా చేసిన పని, చేతులు వాటంతటవే చేశాయి. నీళ్ళ తొట్టి నిండుగా ఉందా, గొట్టం అతుకుల్లో ఆవిరి పోతోందా, అన్నీ చూశాడు. షెడ్డంతా వేడెక్కింది. అక్క గుమ్మంలో నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకుంది.

ముందు నీళ్ళు దిగాయి. తర్వాత గాజు కుప్పెలో నీళ్ళ మీద పచ్చటి తెట్టు తేలింది. ఎప్పుడూ దిగేదానికంటే ఎక్కువే దిగుతోంది. బలమైన మొక్కలు మరి. ముగ్గురి ముక్కులకీ ఒకేసారి తగిలింది. తీపి ఉంది, లేకపోలేదు. దాని మీద కర్పూరం, దాని వెనక లవంగం, సోంపు, అన్నీ తోసుకుంటూ వస్తున్నాయి. చెడ్డ వాసనేమీ కాదు. తెలియనివాళ్ళెవరైనా అయితే బాగుందనే అంటారు. కానీ ఇది ఆ ఇంటి వాసన కాదు.

"కానిచ్చారా?" ముందునుంచి అత్తయ్య కేక. "వాసనొస్తోంది ఇక్కడిదాకా! ఈ పొద గాలి ఒకటి, సరిగా తెలిసి చావట్లా. ఒరే పెద్దోడా, చుక్క తీసుకురా!"

బావ చిన్న గాజుపుల్ల కుప్పెలో ముంచి తీశాడు. చివర చుక్క వేలాడింది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. గుమ్మంవైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అక్క పక్కకి తప్పుకుని దారిచ్చింది. అతను వెళ్ళలేదు. సగం మాడిన కనుబొమల కింద కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో దేనికో.

"ఒరే," అన్నాడు, పుల్ల బావమరిది వైపు చాచి. చుక్క రాలకుండా కింద ఇంకో అరచెయ్యి పట్టాడు.

"చుక్క నువ్వెళ్ళి రాయరా. మంట దగ్గర మనిషుండాలి కదా, నేనుంటాను. ఏమైనా అడిగితే… ఏమో, నీకు తోచింది చెప్పు. నన్ను మాత్రం పిలవొద్దు."